ఇరూమా అనే ఊరు

జూలై 3

ఈ పుస్తకం రాత్రి ఇంట్లో రాసినా, ఇంట్లో ఉంచను. బడిలో మ్యాపుల గదిలో, చిరిగిన ప్రపంచ పటాల వెనక పెడతాను. అక్కడికి నేను తప్ప ఎవరూ రారు. ఈమధ్య నాకూ అక్కడ పని తగ్గింది. వారానికి నాలుగు పీరియడ్లున్న భూగోళాన్ని హెడ్మాస్టరు రెండుకు కుదించాడు.

నిన్న సాయంత్రం ఆశ్రయ గృహం వార్డెనమ్మ ఫోన్ చేసింది. ఆవిడ కొడుకు నా దగ్గర చదువుకున్నాడు. "మాస్టారూ, మీరు వయసులో ఉన్నప్పుడు కొండల్లో పనిచేశారట కదా, అక్కడి భాషలన్నీ వచ్చట కదా. మావాడు చెప్పాడు. ఒక్కసారి వచ్చి వెళ్లండి, మీకు పుణ్యముంటుంది" అంది. బస్ స్టాండులో తిరుగుతున్న ఒకామెను పోలీసులు తెచ్చి అప్పగించారట. ఏం మాట్లాడుతోందో ఎవరికీ తెలియడం లేదట.

కొండల్లో రెండేళ్లు పనిచేసిన మాట నిజం. సర్వే ఆఫీసులో గుమాస్తాగా. కొండలు కిటికీలోంచి కనిపించేవి. నీళ్లు, ఉప్పు, రా, కూర్చో, ఇలాంటివి పదో పన్నెండో మాటలు నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా క్లాసులో ఆ పన్నెండు మాటల్నే పన్నెండు వందలు చేసి చెప్పుకుంటూ వస్తున్నాను. పిల్లలు నిద్రపోకుండా ఉండాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఇవాళ బడి వదలగానే వెళ్లాను. కుట్టుమెషీన్ల గదిలో ఆమెను కూర్చోబెట్టారు. నలభై ఉంటాయేమో. ముతక ఊదారంగు శాలువా, కాళ్లకు మగవాళ్ల బూట్లు. వార్డెనమ్మ, వంటామె, అక్కడ ఉండే ఆడవాళ్లు పదిమంది దాకా చుట్టూ చేరారు. నాకు కుర్చీ వేశారు. ఫ్యాను నా వైపు తిప్పారు.

నా పన్నెండు మాటలూ ఒక్కొక్కటే ప్రయోగించాను. ఏ ఒక్కటీ ఆమెకు తగల్లేదు. తర్వాత ఆమె మొదలుపెట్టింది. ఆపకుండా, నా ముఖం మీదికి వంగి, చాలాసేపు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "ఇరూమా" అన్న మాట మాత్రం పదే పదే వినిపించింది. రెండు వేళ్లు దగ్గరగా పెట్టి, విడదీసి చూపించింది.

"ఏమంటోంది మాస్టారూ?" అంది వార్డెనమ్మ.

అందరి కళ్లూ నా మీదే. రాదని చెప్పడానికి నోరు తెరిచాను. నోరు తెరవడం వరకు నాకు బాగా గుర్తుంది.

"వాళ్ల ఊరి గురించి చెబుతోంది" అన్నాను. "ఇరూమా అట. రెండు నదులు విడిపోయే చోట ఉంటుందట."

అందరూ ఒక్కసారి "ఓహో" అన్నారు. చిన్న అబద్ధమే. ఎవరికీ నష్టం లేదు.

జూలై 4

రేపు వెళ్లి నాకు రాదని చెప్పేయాలి. ఫోనులో చెబితే బాగుండదు.

జూలై 5

వంటామె గేటు దగ్గరే ఎదురొచ్చింది. "అయ్యా, ఆ ఊళ్లో ఇళ్లెలా ఉంటాయి? రెండు రోజులుగా మేమంతా అదే మాట్లాడుకుంటున్నాం" అంది. చేతిలో గరిటె అలాగే ఉంది. అంత ఆత్రంగా ఈ మధ్య నన్ను ఎవరూ ఏదీ అడగలేదు.

చెప్పాను. ఆ రెండు నదులు విడిపోయే చోట ఒక పెద్ద సరస్సు, ఊరు దాని మధ్యలో ఉంటుంది. వానాకాలంలో నీళ్లు పైకొచ్చి కింది గదులన్నీ మునిగిపోతాయి. అందుకని ప్రతి ఇంటికీ పైకప్పులో ఇంకో తలుపు. ఆ నాలుగు నెలలూ రాకపోకలన్నీ పైతలుపులోంచే. తాళాలుండవు, తుప్పు పడతాయని.

కల్పిస్తున్నానని తెలుసు. కానీ చెబుతుంటే ఎప్పుడో చూసొచ్చిందే గుర్తు చేసుకుంటున్నట్టు ఉంది. మెషీన్ల దగ్గర కుడుతున్నవాళ్లు కాళ్లు ఆపేశారు.

ఆమె నా ఎదురుగానే కూర్చుంది. నేను ఆగగానే ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. చివర్లో గొంతు పైకి లేచింది. నేను నవ్వి తలూపాను. ఆమె నన్ను తేరిపార చూసింది. మళ్లీ అదే ప్రశ్న, ఈసారి నెమ్మదిగా, "ఇరూమా" దగ్గర ఆగి. నేను మళ్లీ తలూపాను. ఇంకేం చెయ్యను?

ఆమె ముఖమంతా విప్పారింది. నా రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. తర్వాత వంటామె కంచం పెడితే మొత్తం తిన్నది.

"వచ్చిన దగ్గర్నుంచీ గేటు పట్టుకుని వేలాడిన మనిషి మాస్టారూ" అంది వార్డెనమ్మ. "రెండుసార్లు రోడ్డు మీంచి పట్టుకొచ్చాం. మీరొచ్చి నాలుగు మాటలు మాట్లాడేసరికి కుదుటపడింది. మీ చేతి చలవే."

ఇప్పుడు రాదని ఎలా చెప్పడం? ఆమెకు మేలే జరుగుతోంది కదా.

జూలై 7

ఎనిమిదో తరగతిలో ఇరూమా గురించి చెప్పాను. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. చివరి బెంచీలో ఎప్పుడూ గురకపెట్టే పొడుగువాడు "సార్, అక్కడికి బస్సు ఉందా?" అని అడిగాడు.

ఇంట్లో ఇంకా వింత. నా కూతురు పదో తరగతికి వచ్చినప్పటి నుంచి నాతో "ఊ", "ఆ" తప్ప మాట్లాడదు. ఇవాళ రంగు పెన్సిళ్లు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్లమ్మ చెప్పిందట. ఇరూమా పటం గీస్తుందట.

"నాన్నా, ముసలివాళ్లు పైతలుపు దాకా ఎలా ఎక్కుతారు?"

"ఎక్కక్కర్లేదు. నీళ్లే మెట్లు. నీళ్లు పెరిగేకొద్దీ పడవలో కూర్చున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే పైకొస్తారు."

కాసేపు ఆలోచించి "బాగుంది" అంది. నా మాట ఏదైనా బాగుందని అది అని ఎన్నాళ్లయిందో.

జూలై 8

మా ఆవిడ పెద్దాసుపత్రిలో, ఎముకల వార్డులో నర్సు. ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అంది: "మా వార్డులో ఒక పెద్దామె ఉందండీ. కదిలే బస్సు ఎక్కబోయి పడిందట. తొడ ఎముక విరిగింది. వారం పైనే అయింది. ఎవరికీ తెలియని భాష మాట్లాడుతోంది. మీ ఇరూమా ఆమెదీ ఇదే భాషేమో. ఒక్కసారి వచ్చి వినిపోండి."

"కొండల్లో ఇరవై భాషలుంటాయి. అన్నీ ఒకటే అనుకుంటే ఎలా?"

"ఒకటే అనడం లేదు. వినమంటున్నాను. ఆమె తరఫువాళ్ల సంతకం లేకుండా ఆపరేషన్ చెయ్యనంటున్నారు డాక్టరుగారు. ఎముక ఎన్నాళ్లని అలా ఉంటుంది?"

"చూద్దాంలే" అన్నాను.

మా ఆవిడ పక్కన నిలబడి ఉండగా ఆ పెద్దామె ముందు కూర్చుని ఏం చెయ్యను? ఆవిడ నన్ను పద్దెనిమిదేళ్లుగా చూస్తోంది. వార్డెనమ్మ కాదు.

అయినా ఎక్కడి పెద్దామె, ఎక్కడి ఈమె. రోజుకు ఎన్ని బస్సులు తిరుగుతాయి.

జూలై 9

సంబంధం ఉండదు.

జూలై 12

హెడ్మాస్టరు పిలిచి ప్రార్థన సమయంలో బడి మొత్తానికి ఇరూమా గురించి పదిహేను నిమిషాలు చెప్పమన్నాడు. చెప్పాను. నీటి అడుగున ఉండే గంట గురించి ఇవాళ కొత్తగా చేర్చాను. నీళ్లు తగ్గడం మొదలవగానే అది దానంతట అదే మోగుతుంది, అప్పుడు అందరూ కింది తలుపులు తీస్తారు. దిగి వస్తుంటే హెడ్మాస్టరు నా భుజం తట్టి "ఇన్నాళ్లూ ఇదంతా ఎక్కడ దాచారండీ?" అన్నాడు. మళ్లీ నాలుగు పీరియడ్లు ఇచ్చే సంగతి ఆలోచిస్తాడట.

మా ఆవిడ మూడోసారి అడిగింది. ఆ పెద్దామె మంచం దిగబోతుంటే చేతులు గుడ్డతో కట్టేశారట. ఆ ముడులు వేయమని తనకే చెప్పారట. చెబుతూ తన చేతుల వైపు చూసుకుంది.

సమాధానం చెప్పాను. ఇక అడగదు.

జూలై 13

రాయడానికేం లేదు.

జూలై 15

ఆసుపత్రి వైపు వెళ్లే బస్సు ఎక్కాను. మార్కెట్టు దగ్గర దిగిపోయాను. కళ్లజోడు మర్చిపోయానని గుర్తొచ్చింది. కళ్లజోడు లేకుండా వెళ్లి లాభమేమిటి?

వినడానికి కళ్లజోడు ఎందుకు అని ఇప్పుడు రాస్తుంటే తోచింది.

జూలై 18

ఆశ్రయ గృహంలో ఇప్పుడామెను అందరూ "సరస్సామె" అంటున్నారు. కొత్త చీర ఇచ్చారు. ఒకామె తన మంచం ఆమెకిచ్చి కింద పడుకుంటోందట. కుట్టుగదిలో నీలం గుడ్డ మీద ఇళ్లూ, పైతలుపులూ, పడవలూ కుడుతున్నారు. అబద్ధమైతే అయింది, ఆమెకు ఇంత ఆదరణ నా వల్లే కదా దొరికింది. ఈ మాట నాలో నేను చాలాసార్లు అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నా నిలవడం లేదు.

ఆమె పొద్దున్నే తన శాలువా మడిచి, బూట్లు వేసుకుని గేటుకు ఎదురుగా బల్ల మీద కూర్చుంటోందట. గొడవ చెయ్యదు. ఊరికే కూర్చుంటుంది.

"ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నట్టుంది మాస్టారూ."

"నీళ్లు పెరిగే కాలం వచ్చింది కదమ్మా. వాళ్ల ఊరి అలవాటు అది. పడవ కోసం ఎదురుచూస్తారు" అన్నాను. తడుముకోకుండా వచ్చేసింది. అబద్ధం ఇంత సులువుగా వస్తుంటే నాకే భయం వేసింది.

ఆమె ఇవాళ నన్ను చూసి నవ్వలేదు. అదే ప్రశ్న అడిగింది. గొంతులో మునుపటి మెత్తదనం లేదు. నేను తలూపి, ఏదో పనున్నట్టు లేచాను.

జూలై 22

వరసగా రాయాలి.

మధ్యాహ్నం నాకు పీరియడ్లు లేవు. ఆశ్రయ గృహానికి వెళ్లాను. కుట్టుగదిలో ఒకతను నేల మీద కూర్చుని మెషీను విప్పుతున్నాడు. ఆరు నెలలకోసారి వచ్చి మెషీన్లు బాగుచేసి పోతాడట. యాభై ఏళ్ల మనిషి, చేతులనిండా నూనె. నేను వంటామెకు గంట సంగతి చెబుతున్నాను. సరస్సామె మామూలుగానే నా దగ్గరికొచ్చి తన ప్రశ్న అడిగింది.

నేను తలూపేలోపు కింద నుంచి జవాబొచ్చింది. ఆమె భాషలో.

ఆమె గిర్రున తిరిగింది. సూదుల డబ్బా కాలు తగిలి చెల్లాచెదురైంది. ఆ సూదుల మధ్యే మోకాళ్ల మీద కూలబడి, అతని నూనె చేతులు పట్టుకుని, ఒకటే మాటలు. ఇన్ని రోజులూ నాతో మాట్లాడింది మాట్లాడడమే కాదు.

"మాస్టారూ, ఇతనికీ మీ భాష వచ్చు!" అంది వంటామె సంబరంగా. పాపం, ఆమెకింకా తెలియదు.

మెషీను అతను లేచి నిలబడ్డాడు. ఎవరికి చెప్పాలో తెలియక వార్డెనమ్మకు చెప్పాడు. "అమ్మా, ఈమెకు వాళ్ల అక్క కావాలంట. ఇద్దరూ కలిసి బస్సులో వస్తున్నారంట. దారిలో బస్సు ఆగితే నీళ్లు పట్టుకొస్తానని అక్క దిగిందంట. ఆమె ఎక్కేలోగా బస్సు కదిలిపోయింది. ఈమె అరిచినా ఎవరూ ఆపలేదు. తర్వాతి స్టాండులో దిగి వెనక్కి నడిచి, మళ్లీ స్టాండుకొచ్చి వెతికింది. అంతలో పోలీసులు పట్టుకొచ్చారు. ఇరవై రోజులు దాటిందంటోంది. అక్కను ఎప్పుడు తీసుకొస్తారని అడుగుతోంది."

"మరి ఇరూమా?" అంది వార్డెనమ్మ.

"అదేనమ్మా. ఇరూమా అంటే అక్క. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం."

గోడకు నీలం గుడ్డ వేలాడుతోంది, సగం కుట్టిన పడవలతో. వంటామె నా వైపు చూసి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది: "అయ్యా, మరి పైతలుపులు?"

నేలలోకి దిగిపోవాలనిపించింది.

ఆ అక్క ఎక్కడుందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ వాక్యం రాయడానికి ఇంతసేపు పట్టింది. కదిలే బస్సు ఎక్కబోయి పడ్డ పెద్దామె. రెండు వారాలుగా నాకు తెలుసు. తెలియదని రోజూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

"పెద్దాసుపత్రిలో ఉంది" అన్నాను. "ఎముకల వార్డులో."

"మీకెలా తెలుసు?" అంది వార్డెనమ్మ.

"మా ఆవిడ చెప్పింది."

"ఎప్పుడు?"

నేను కింద పడ్డ సూదులు ఏరడం మొదలుపెట్టాను. వార్డెనమ్మ ఆటో పిలిపించడానికి వెళ్లింది.

జూలై 23

నిన్న ఆసుపత్రికి నేనూ వెళ్లాను. ఆటోలో ముందు, డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక ఆమె, వార్డెనమ్మ, మెషీను అతను.

వార్డులో పదకొండో మంచం. అరవై దాటిన మనిషి. చేతులు గుడ్డతో మంచం కమ్మీలకు కట్టి ఉన్నాయి. తల గోడ వైపు తిప్పి పడుకుని ఉంది. గుమ్మంలోంచే "ఇరూమా!" అని ఈమె పెట్టిన కేకకు వార్డంతా లేచి కూర్చుంది. నిజమైన ఇరూమా అంటే ఎలా పలకాలో అప్పుడు విన్నాను. నేను ఇన్నాళ్లూ పలికింది దానికి దగ్గరగా కూడా లేదు.

అక్క తల తిప్పి చూసింది. లేవబోయింది. చేతులు కట్టి ఉన్నాయని మర్చిపోయినట్టుంది, రెండుసార్లు గుంజింది. చెల్లెలు ముడులు విప్పలేక పళ్లతో కొరికింది. మా ఆవిడ పరుగున వచ్చి కత్తెరతో కత్తిరించింది. ఆ మణికట్ల దగ్గర చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. అక్క ఏడవలేదు. చెల్లెలి ముఖం రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని వెతుకుతున్నట్టు.

మా ఆవిడ కత్తెర పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత తలెత్తి, మంచానికి ఆ పక్కనున్న నన్ను చూసింది.

"మీరు వచ్చి విన్నానన్నారు" అంది.

ఇప్పుడు రాయాలి. జూలై 12న రాయకుండా వదిలేసింది. మూడోసారి అడిగినప్పుడు నేనన్న మాటలివి: "నీ డ్యూటీ లేనప్పుడు వచ్చి విన్నాను. అది ఏ భాషా కాదు. మతి చలించిన మాటలు."

నేను వార్డు గడప కూడా తొక్కలేదు.

జూలై 24

మా ఆవిడ కంచం పెట్టి వెళ్లిపోతోంది.

జూలై 26

డాక్టరును కలిశాను. చిన్నవాడే, నా పాత విద్యార్థుల వయసు. మొదటి రెండు వారాల్లో ఆపరేషన్ చేసి ఉంటే కాలు మామూలుగా అయ్యేదన్నాడు. ఇప్పుడు ఎముక వంకరగా అతుక్కుంటోంది. మళ్లీ విరగ్గొట్టి సరిచెయ్యాలంటే ఆమె గుండె తట్టుకోదు. నడుస్తుంది, కానీ చేతికర్రతో, ఒక కాలు కుంటుతూ. బతికినన్నాళ్లూ.

"ఆమెకు మతి సరిగా లేదని మాకు సమాచారం వచ్చిందండీ. అందుకే ఆమె చెప్పేదాన్ని మేం పట్టించుకోలేదు. సైగలు చేసి అడిగినా సరిపోయేదేమో" అన్నాడు. తప్పు తన మీద కూడా వేసుకున్నాడు. నేనైతే అలా వేసుకునేవాణ్ణా?

సాయంత్రం మా ఆవిడ వంటింట్లోంచి, నా వైపు తిరగకుండా, గిన్నెలు కడుగుతూ మాట్లాడింది.

"మీకు రాదని నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. మీ కొండల కబుర్లన్నీ నాకు తెలుసు. సరదాకి చెప్పుకుంటున్నారు, పోనీలే అనుకున్నాను. కానీ వచ్చి విన్నానంటే నమ్మాను. భాష రాకపోయినా, వచ్చి ఒక మనిషిని చూశారు కదా, చూసే చెబుతున్నారు కదా అని నమ్మాను. డాక్టరుగారితో నేనే చెప్పాను. కేస్ షీటులో నా చేత్తో నేనే రాశాను. ఆ చేతులు కట్టింది కూడా నేనే. ఆమె నన్నే చూస్తూ ఉండేది కడుతుంటే."

కుళాయి కట్టేసింది. "నన్ను కూడా మీ అబద్ధంలో కలిపేశారు. అదే నాకు మింగుడుపడడం లేదు."

ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి ఉత్తరం రాశాను. ఆ సమాచారం తప్పని, నేను రోగిని చూడకుండానే చెప్పానని, నర్సు తప్పేమీ లేదని. మూడు సార్లు చించాను. మొదటి మూడిట్లో "పని ఒత్తిడి వల్ల", "పొరపాటున", "సదుద్దేశంతో" అని ఉన్నాయి. నాలుగోది నాలుగు లైన్లే. సంతకం పెట్టి ఇచ్చి వచ్చాను.

జూలై 29

ఎనిమిదో తరగతికి చెప్పాను. ఇరూమా అనే ఊరు లేదు, ఆ మాటకు అక్క అని అర్థం, నాకు ఆ భాష రాదు, నేను కల్పించాను.

ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. "మరి ఎందుకు చెప్పారు సార్?"

ఆ పిల్లకు ఏదో ఒక నీతి చెప్పి కూర్చోబెట్టవచ్చు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది నాకు. "చెబుతుంటే నాకు బాగుంది కాబట్టి" అన్నాను. నిజమైన జవాబు అదొక్కటే. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. చివరి బెంచీ పొడుగువాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను చెప్పిన ఊరికి ఒక్కడే బస్సడిగాడు వాడు.

హెడ్మాస్టరుకూ చెప్పాను. ప్రార్థనలో బడి మొత్తానికి చెప్పాలా అని అడిగాను. "అక్కర్లేదు, వదిలేయండి, పిల్లలు మర్చిపోతారు" అన్నాడు. నాకంటే ఆయనకే ఎక్కువ ఇబ్బందిగా ఉన్నట్టుంది. సోమవారం చెబుతానన్నాను. పీరియడ్ల మాట ఆయన ఎత్తలేదు.

ఇంటికొస్తే కూతురు తన గది గుమ్మంలో నిలబడింది. గోడ మీద పటం ఉంది. ఎంత శ్రద్ధగా గీసిందో. సరస్సుకు నాలుగు రకాల నీలం వాడింది.

"అమ్మ చెప్పింది" అంది. "నన్ను తీసెయ్యమంటావా, నువ్వే తీస్తావా?"

కుర్చీ ఎక్కి నేనే తీశాను. ఒక మూల టేపు రాక చిరిగింది. దాని చేతికిస్తే తీసుకోలేదు.

ఆగస్టు 2

ఇవాళ బడికి సెలవు పెట్టాను. మెషీను అతన్ని బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్లాను. "నేను చెప్పేది చెప్పినట్టు వాళ్లకు చెప్పాలి, మెత్తగా చెయ్యకూడదు" అన్నాను. "నాకు మెత్తగా చెప్పడం రాదు సార్. మెషీన్లతో బతికేవాణ్ణి" అన్నాడు.

అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చెల్లెలు ఆమె జుట్టు దువ్వుతోంది. నన్ను చూసి దువ్వెన ఆపింది.

నిలబడే చెప్పాను. మీ భాష నాకు రాదు. వచ్చినట్టు నటించాను. మీ అక్క ఆసుపత్రిలో ఉందేమోనని అనుమానం వచ్చినా, నా బండారం బయటపడుతుందని రాలేదు. వచ్చానని అబద్ధం చెప్పాను. మీ అక్క కాలు వంకరపోవడానికి కారణం నేను. అతను ఒక్కో వాక్యం చెబుతున్నాడు. చెబుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి, సిగ్గుపడాల్సినవాడు తనే అయినట్టు.

చెల్లెలు దువ్వెన పక్కన పెట్టింది. తర్వాత మాట్లాడింది. అతను చెప్పాడు.

"మొదటి రోజే ఇతనికి రాదేమో అనుకున్నాను. రెండో రోజు, మా అక్క దొరికిందా, తీసుకొస్తారా అని అడిగాను. తలూపాడు. నమ్మలేక మళ్లీ అడిగాను. మళ్లీ తలూపాడు, నవ్వాడు. అందరూ గౌరవించే మనిషి, తెలియకుండా తలూపడు అనుకున్నాను. అందుకే పారిపోవడం మానేశాను. మానకపోతే, ఊరంతా తిరిగైనా నేనే కనుక్కునేదాన్ని. ఈ వార్డుకు అక్కడి నుంచి నాలుగు వీధులే."

నాలుగు వీధులే. భూగోళం మాస్టర్ని నేను.

క్షమించమని అడుగుదామనుకుని వచ్చాను. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే అనిపించింది. అడగలేదు.

అక్క చెల్లెల్ని ఏదో అడిగింది. చెల్లెలు రెండు మాటల్లో జవాబు చెప్పి కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఏమంది?"

"మీరెవరని అడిగింది పెద్దామె. మాట రానివాడు అని చెప్పింది ఈమె."

వచ్చేద్దామని తిరిగాను. తిరిగినవాణ్ణి ఆగి, అతన్ని అడిగాను. "మీ భాషలో 'నాకు అర్థం కాలేదు' అని ఎలా అంటారు?"

అతను నన్ను వింతగా చూసి చెప్పాడు. "తవీనొ మాల."

మొదటి రోజు ఫ్యాను కింద కూర్చుని అనాల్సిన మాట అది. ఇరవై రోజుల్లో ఎప్పుడన్నా సరిపోయేది. మంచం దగ్గరికి వెళ్లి, పెద్దామె ముందు నిలబడి అన్నాను. "తవీనో మాలా."

పక్క మంచం ఆమె కిసుక్కున నవ్వింది. పెద్దామె నవ్వలేదు. నుదురు ముడిచి వింది. కమిలిన చెయ్యి పైకెత్తి, నా తప్పు ఎక్కడుందో చూపిస్తున్నట్టు చూపుడువేలు గాలిలో ఒకచోట ఆపి, నెమ్మదిగా పలికింది. చివర సాగదియ్యకూడదు. తెగ్గొట్టాలి.

మళ్లీ అన్నాను. కాదన్నట్టు వేలు ఆడించి మళ్లీ పలికింది.

మూడోసారీ తప్పే పలికాను. ఆమె విసుక్కోకుండా, దిండు మీంచి ఇంకాస్త ముందుకు జరిగి, నాలుగోసారి చెప్పింది.